'డు' పోయి 'రాలు' వచ్చిన మధ్యాహ్నం

ఇంగ్లీషులో ప్రెసిడెంట్ అంటే ఆడమనిషో మగమనిషో తెలీదు. తెలుగులో ఆ సౌకర్యం లేదు, మాట పూర్తయ్యేలోగా అధ్యక్షుడో అధ్యక్షురాలో తేల్చి చెప్పాల్సిందే. 2019లో ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఆయనకి ఫోన్‌లో వార్త చదివి వినిపిస్తూ "ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియాకి కొత్త అధ్యక్షు..." దాకా వచ్చి తడబడ్డాను. మన దేశంలో ఖగోళశాస్త్రజ్ఞుల సంఘం అది. నోరు అలవాటుకొద్దీ 'డు' వైపు పోతోంది, కళ్లేమో పక్కనున్న పేరు మీదకి పోయాయి. జి.సి. అనుపమ. ఇక్కడే, మన బెంగళూరులోనే, కోరమంగలలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో ప్రొఫెసర్. సొసైటీ పుట్టింది 1972లో. నలభై ఏడేళ్లకి 'రాలు' అనాల్సి రావటం అదే మొదటిసారి.

ఆయన వక్కపొడి నముల్తూ "అయితే మీవాళ్లే గెలిచారన్నమాట" అన్నారు. మీవాళ్లంటే ఆడవాళ్లనా, ఆకాశం చూసేవాళ్లనా అని అడగాలనుకున్నాను గానీ అప్పటికే కునుకు పట్టేసింది ఆయనకి. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం నిద్ర రాలేదు. అందుకే ఇదంతా రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఆ సొసైటీకి నేను ఒకప్పుడు జీతం లేకుండా పనిచేశాను. మైదాపిండి ఉడికించి.

1979లో అనంతపురం నుంచి ఉస్మానియాకి పోయి ఎమ్మెస్సీ ఆస్ట్రానమీలో చేరాను. ఖగోళశాస్త్రానికి విడిగా డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీ దేశంలో దుర్భిణీ వేసి వెతికినా దొరకని రోజులవి. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ, ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు, పెద్దదిక్కుగా కె.డి. అభ్యంకర్ గారు. అదీ మా లోకం. సొసైటీ రిజిస్టర్డ్ ఆఫీసు కూడా మా డిపార్ట్‌మెంటే. ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి, ఒక బీరువా, ఒక టేబులు, టైపు మిషను. దేశమంతా ఉన్న సభ్యులకి సర్క్యులర్లు పంపాల్సి వచ్చినప్పుడల్లా స్టూడెంట్లని పిలిచేవాళ్లు. మగపిల్లలు సైక్లోస్టైల్ మిషను తిప్పి చేతులంతా నలుపు చేసుకునేవాళ్లు, మేము ముగ్గురం ఆడపిల్లలం కాగితాలు మడిచి గోధుమరంగు కవర్లలో పెట్టి అంటించేవాళ్లం. జిగురు సీసా ఖర్చెందుకని నేనే హాస్టల్ వంటింట్లో మైదా ఉడకబెట్టి బోర్న్‌విటా డబ్బాలో పోసి పట్టుకెళ్లేదాన్ని, అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదని అటెండరు నేర్పాడు. కవర్ల మీద అడ్రసులు చదువుతుంటే దేశం తిరిగినట్టుండేది. నైనిటాల్, కొడైకెనాల్, పూనా, అహ్మదాబాద్, బెంగళూరు. లోపల కాగితం కూడా చదివేవాళ్లం, చదవకూడదని ఎవరూ చెప్పలేదు కదా. మీటింగ్ ఎప్పుడు, చందా ఎంత, ఎవరు బాకీ, కార్యవర్గం ఎవరు. అధ్యక్షుడు అని ఉన్నచోట ఇంకో రకంగా ఉండొచ్చు కదా అని మా ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. ఉండాలని కోరుకుని రాకపోతే అది వేరే సంగతి. మాకు లోటుగా కూడా అనిపించలేదు. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నిద్రపోనివ్వంది అదే.

1980 ఫిబ్రవరి 16, శనివారం, అమావాస్య. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా మా రంగాపూర్ మీద నుంచే పోతుందని ఏడాది ముందు నుంచీ హడావిడి. ఎక్కడెక్కడి నుంచో జనం, పెట్టెలు, కెమెరాలు. అదే వారం మా నాన్న దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, "ఆ పూట హాస్టల్ గది దాటొద్దు, కిటికీ మూసుకో, నాయనమ్మ నీ పేరున జపం చేయిస్తోంది" అని. మా నాయనమ్మ గ్రహణం రోజున పళ్లెంలో నీళ్లుపోసి రోకలి నిలబెట్టే మనిషి, ఊరగాయ జాడీల మీద, పాలగిన్నె మీద దర్భలు వేసే మనిషి. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టరు. రెండూ ఒకే ఇంట్లో ఏ గొడవా లేకుండా సాగిపోయేవి.

ఉత్తరం మడిచి పుస్తకంలో పెట్టేసి పొద్దున్నే బస్సెక్కాను. నాకప్పగించిన పని చాలా చిన్నది. చెట్టుకింద థర్మామీటరు వేలాడదీసి ఉంటుంది, అయిదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చూసి నోట్‌బుక్‌లో రాయాలి. గళ్లు నేనే గీసుకున్నా స్కేలు పెట్టి. మధ్యాహ్నం రెండున్నర దాటాక సూర్యుడికి చిన్న కొరుకు పడింది. ఎండ ఉంది గానీ ఎండలో పస లేదు, పల్చటి మజ్జిగలా అయిపోయింది. చెట్టుకింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకలైపోయాయి, నా నోట్‌బుక్ మీదా, నా లంగావోణీ మీదా బోలెడు నెలవంకలు. పక్క పొలంలో కొంగలు గుంపుగా లేచి చెట్లమీదకి పోయాయి. తర్వాత ఒక్కసారిగా దీపం తగ్గించినట్టు చీకటి, అందరూ అరుస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఆకాశంలో నల్లటి బొట్టు చుట్టూ తెల్లటి జుట్టు విరబోసుకున్నట్టు కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వెలుగు. రెండు నిమిషాల పైచిలుకు అంతే. మళ్లీ వెలుతురొచ్చాక నోట్‌బుక్ చూసుకుంటే అసలైన గడి ఖాళీ. అన్నిటికంటే కావలసిన రీడింగు అదే కదా, మా సారు "ఇందుకేనా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టింది" అని గట్టిగానే తిట్టారు. తిట్టడంలో న్యాయం ఉంది. కానీ ఆ గడి నింపి చీకటి చూడకుండా వచ్చుంటే ఈ జన్మకి నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. ఆ సాయంత్రం హైదరాబాద్ తిరిగొస్తుంటే రోడ్లన్నీ కర్ఫ్యూ పెట్టినట్టున్నాయి. జనాన్ని ఇళ్లు కదలకుండా ఉంచడానికి దూరదర్శన్‌లో సినిమా వేశారని తర్వాత తెలిసింది. ఇంతమంది శాస్త్రజ్ఞులు ఆకాశం చూడటానికి ఖండాలు దాటి వస్తే, మన జనం తలుపులేసుకుని టీవీ చూశారు. అవగాహన కల్పించడం అనే మాట నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను గానీ, దాని అవసరం ఏమిటో ఆ ఖాళీ రోడ్డు మీదే తెలిసింది.

ఎమ్మెస్సీ అయింది. 1982 మొదట్లో రీసెర్చి సీటుకి ఒకచోట ఇంటర్వ్యూ వచ్చింది. ఎక్కడో చెప్పను, ఆ గదిలో వాళ్లెవరూ ఇప్పుడు లేరు కూడా. అయిదుగురు కూర్చున్నారు. చుక్కల వర్ణపటం గురించి అడిగారు, చెప్పాను. జంటతారల బరువు ఎలా కడతారంటే బోర్డు మీద లెక్క చేసి చూపించాను. మార్కుల లిస్టు చూసి ఒకాయన "వెరీ గుడ్" అన్నారు కూడా. అంతలో చివర కూర్చున్న పెద్దాయన, చాలా మర్యాదగా, కూతుర్ని అడిగినట్టు అడిగారు. "అంతా బాగుందమ్మా, మరి పెళ్లయ్యాక రాత్రుళ్లు టెలిస్కోపు డోములో కూర్చుంటానంటే ఇంట్లో ఏమంటారు?"

జవాబు నాకు ఈరోజు పదిరకాలుగా వస్తుంది. స్నానం చేస్తుంటే వస్తుంది, మిక్సీలో చట్నీ వేస్తుంటే వస్తుంది. ఆరోజు మాత్రం "అమ్మానాన్నల్ని అడిగి చెప్తానండి" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సీటు రాలేదు. జూన్‌లో పెళ్లయి బెంగళూరొచ్చాను.

ఆయన హెచ్‌ఎంటీలో ఉద్యోగం. మత్తికెరెలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు సంపెంగ చెట్టు, ఇంటి ఓనరమ్మ కన్నడం, నేను తెలుగు, మధ్యలో చేతులు. ఆగస్టులో ఒకరోజు పేపర్లో వేణుబప్పు గారు పోయారని చూశాను. మ్యూనిక్‌లో, 19వ తారీఖున. యాభై అయిదు నిండి తొమ్మిది రోజులే. ఆయన మద్రాసులో పుట్టినా పెరిగింది మా నిజామియా అబ్జర్వేటరీ నీడలో, వాళ్ల నాన్నగారు అక్కడే పనిచేసేవారు, చదివింది నిజాం కాలేజీలో. హార్వర్డ్‌లో చదువుకుంటూ 1949లో తోకచుక్క కనిపెట్టి దానికి తన పేరు తెచ్చుకున్న మనిషి. పోయేనాటికి ప్రపంచ ఖగోళ సంఘం, ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ యూనియన్, దానికి అధ్యక్షుడు. నేను వంటింటి గడపమీద కూర్చుని ఏడ్చాను. ఎవరు పోయారో మా అత్తయ్యకి అర్థంకాక "మీ బంధువులా అమ్మాయ్?" అంది. అవునన్నాను. సొసైటీకి అధ్యక్షులు మారుతూ ఉంటారు, మూడేళ్లకోసారి కొత్త కార్యవర్గం వస్తుంది, అదొక పద్ధతి. కొందరు పోతే మాత్రం అలా తీసి ఇంకొకరిని కూర్చోబెట్టడం కుదరదు. ఆయన కట్టాలనుకున్న 2.34 మీటర్ల టెలిస్కోపు తమిళనాడులోని కావలూరులో 1986 జనవరిలో మొదలైంది, రాజీవ్ గాంధీ వచ్చి ఆయన పేరు పెట్టారు.

పిల్ల కాస్త పెద్దదయ్యాక నేను బీఈడీ చేసి ఒక స్కూల్లో ఫిజిక్స్ టీచరుగా చేరాను. ఇక్కడ చెప్పాల్సింది ఒకటుంది, నాకు మంచిపేరు తెచ్చేది కాదు. కావలూరు మనకి దగ్గరే, వాణియంబాడి మీదుగా జవ్వాది కొండల్లోకి పోవాలి. శనివారం సాయంత్రాలు మామూలు జనానికి కూడా టెలిస్కోపులో చూపించేవాళ్లు. తొంభైల్లో మొదటిసారి బస్సు మాట్లాడి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్దామని లిస్టు రాస్తుంటే, పైనుంచి మాట వచ్చింది, రాత్రి ప్రయాణం కదా ఆడపిల్లలు వద్దు అని. ఎదురు చెప్పలేదు నేను. పైగా "అవును, ఇళ్లలో ఏమంటారో" అని నేనే అన్నాను. అదే మాట, నా నోటినుంచి. అబ్బాయిలతో వెళ్లాం, శనిగ్రహం చూశాం, ఉంగరం చూసి ఒకడు "స్టిక్కర్ అంటించారు మేడమ్" అన్నాడు. తిరిగొచ్చే దారిలో ఆంబూరు దగ్గర టీ తాగుతుంటే గుర్తొచ్చింది ఆ పెద్దాయన గొంతు. టీ గొంతు దిగలేదు.

తర్వాతి ఏడాది ఆడపిల్లలు లేకుండా బస్సు కదలదని చెప్పాను. ఇరవైరెండు మంది తల్లుల ఇళ్లకి పోయాను, సాయంత్రాలు, ఒక్కో ఇంటికి. తండ్రులు ఒప్పుకున్నారు గానీ తల్లులే ఒప్పుకోలేదు, అది నాకిప్పటికీ వింతగా ఉంటుంది. పదహారు మంది వచ్చారు.

2001లో ఇంకో తమాషా. యూజీసీ వాళ్లు యూనివర్సిటీల్లో జ్యోతిషాన్ని సైన్సు కోర్సుగా, 'జ్యోతిర్విజ్ఞాన్' అని పేరుపెట్టి నడపొచ్చని సర్క్యులర్ ఇచ్చారు. దేశంలో శాస్త్రజ్ఞులు చాలామంది లేచారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ పెట్టిన పి.ఎం. భార్గవ గారు, ఇంకొందరు హైకోర్టుకి పోయారు, అక్కడ కొట్టేశారు, సుప్రీంకోర్టుకి పోతే 2004లో అక్కడా కొట్టేశారు. మా స్టాఫ్‌రూములో నేనొక తెల్లకాగితం పెట్టి, ఈ కోర్సు వద్దని ఉత్తరం రాసి, సంతకాలు అడిగాను. ముప్పై ఒక్కమందిలో నలుగురు పెట్టారు. కెమిస్ట్రీ ఆయన "ఆస్ట్రానమీకి ఆస్ట్రాలజీకి తేడా ఏముంది మేడమ్, రెండూ చుక్కలే కదా" అన్నాడు. ఎమ్మెస్సీ చదివిన మనిషి! లెక్కల టీచరు మాత్రం సూటిగా అడిగింది, "రేపు మీ అమ్మాయి పెళ్లికి జాతకం చూపించరా?" అని. ఛీ, చూపించనన్నాను.

2008లో చూపించాను. మగపెళ్లివాళ్లు అడిగారు, మంచి సంబంధం, మా ఆయన "నీకు నమ్మకం లేకపోతే మానె, వాళ్లకి కాగితం ఇవ్వటానికేం" అన్నారు. ఆ కాగితం జిరాక్స్ తీయిస్తుంటే సంతకాల ఉత్తరం గుర్తొచ్చి సిగ్గేసింది. అదే ఏడాది పూణేలో ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ గారు, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ గారితో కలిసి జ్యోతిషులకి పరీక్ష పెట్టారు. రెండువందల మంది పిల్లల జాతకాలు, సగం చదువులో చురుకైన పిల్లలవి, సగం బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి, ఏది ఎవరిదో చెప్పాలి. ఒక్కొక్కరికి నలభై జాతకాలు పంపితే 27 మంది జవాబులు పంపారు, సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా సగం రావాలి కదా. ఆ వార్త కత్తిరించి మా అల్లుడికి ఇచ్చాను, బాగా నవ్వాడు. వాళ్ల జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయి, రోజూ పోట్లాడుకుంటారు.

సరే, 2019 దగ్గరికి వస్తాను. ఆ ఏడాది ఏం నీళ్లు తాగారో గానీ అన్నీ ఒక్కసారే జరిగాయి. సొసైటీకి అనుపమ గారు, అక్టోబర్‌లో ఆస్ట్రోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరుగా అన్నపూర్ణి సుబ్రమణియం గారు. సెప్టెంబర్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం వాళ్లు సమావేశం పెట్టి, ఈ రంగంలో ఆడవాళ్లకి జరిగే అన్యాయం ఆడవాళ్ల లోపం కాదు, వ్యవస్థ లోపం, దిద్దుకోవాల్సింది సంస్థలు అని 'హైదరాబాద్ చార్టర్' రాసుకున్నారు. అది ఖగోళ సొసైటీ పని కాదు, ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌ది. కానీ ఆ గొడవ ఎత్తుకున్నవాళ్లలో ముందున్న ప్రజ్వల్ శాస్త్రి గారు మళ్లీ మన బెంగళూరు ఆస్ట్రోఫిజిసిస్టే. అనుపమ గారు రావటానికి కొన్నేళ్ల ముందే సొసైటీలో కూడా జెండర్ ఈక్విటీకి ఒక వర్కింగ్ గ్రూపు పెట్టారు. ఏటా జరిగే మీటింగుల్లో దానికోసం విడిగా సమయం పెట్టి లెక్కలు చూపిస్తున్నారు, ఎంతమంది చేరుతున్నారు, ఎంతమంది మధ్యలో పోతున్నారు, పెద్ద ఉపన్యాసాలకి ఎవర్ని పిలుస్తున్నారు. 'మధ్యలో పోయినవాళ్లు' అనే వరుస ఉంటుంది చూడండి, అందులో నేను లేను. చేరనే లేదు కదా. గుమ్మం దగ్గర నవ్వేసి తిరిగొచ్చినవాళ్లకి ఏ పట్టికలోనూ వరుస ఉండదు.

ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది అంటారు మా ఆయన. నిజమే, సొసైటీ అధ్యక్షపదవి అంటే కార్లు, బంట్రోతులు ఉండేది కాదు. ఉచితంగా చేసే చాకిరీ అది, మీటింగ్ ఏ ఊళ్లో, అవార్డు ఎవరికి, జర్నల్ సంగతేంటి, ప్రభుత్వం ముందు పెద్ద టెలిస్కోపుల మాట ఎలా ఎత్తాలి. కానీ నాకు వచ్చిన తేడా ఒకటుంది. ఆ సంవత్సరం డిసెంబర్ 26న పాక్షిక గ్రహణం వచ్చింది బెంగళూరుకి, దాదాపు 90 శాతం సూర్యుణ్ణి మింగేసింది. పొద్దున తొమ్మిదిన్నరకి. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదకి గ్రహణం కళ్లద్దాలు, గిన్నెడు ఉప్మా తీసుకుపోయి పిల్లలందరినీ పిలిచాను. మూడో ఫ్లోర్ ఆంటీ, ఆవిడది నెల్లూరు, మెట్ల దగ్గర్నుంచే "గ్రహణం పట్టిన వేళ తింటారా అండీ, అందులో చదువుకున్నవాళ్లు" అంది. నేను చెంచాతో తింటూ, "మా సొసైటీ అధ్యక్షురాలు తినొచ్చు అన్నారండీ" అన్నాను. ఆవిడ అలా అన్నదీ లేదు, నాకు ఆవిడ తెలిసిందీ లేదు. ఆ ముక్క చెప్పటంలో ఉన్న సుఖం కోసం చెప్పాను. పావుగంటకి ఆంటీ మనవడు జారుకుని పైకొచ్చాడు. ఉప్మా రెండోసారి పెట్టించుకున్నాడు.

సొసైటీవాళ్ల ప్రచారాల్లో నాకు బాగా నచ్చింది నీడలేని రోజు. వాళ్ల అవుట్‌రీచ్ కమిటీ దేశమంతా తిప్పింది దాన్ని. కర్కటరేఖకి దిగువన ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, బెంగళూరుకి ఏప్రిల్ 24, 25ల్లో, మళ్లీ ఆగస్టు 18న. ఏప్రిల్‌లో అయితే మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకి. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు, కళ్లద్దాలు అక్కర్లేదు, ఒక స్టీలు గ్లాసు చాలు. రిటైరయ్యాక కూడా పాత స్కూలుకి పోయి గ్రౌండులో గ్లాసులు బోర్లించి కూర్చునేదాన్ని పిల్లలతో. నీడ చిక్కిపోతూ పోతూ గ్లాసు కిందకి దూరిపోతుంది. స్కూలు ఆయమ్మ చీపురు నిలువుగా పట్టుకుని చూసి, "ఎల్లి హోయ్తు మేడమ్ నెరళు?", నీడ ఎటు పోయింది అని చుట్టూ తిరిగి వెతికింది. మర్నాడు కూడా ఆవిడ 12.17కి చీపురు పట్టుకుని నించుంది, నేను చెప్పకుండానే.

2022లో పదవీకాలం అయిపోయింది, దీపాంకర్ బెనర్జీ గారు వచ్చారు, సూర్యుడి మీద పనిచేసే మనిషి. మళ్లీ 'డు'. మా ఆయన "ఏం, పోయిందే నీ రాలు" అని ఆటపట్టించారు. పోలేదు. ఒకసారి పలికిన నోటికి రెండోసారి కష్టం కాదు.

2024 ఫిబ్రవరి మొదటివారంలో సొసైటీ మీటింగు ఇక్కడే, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరిగింది. మా తమ్ముడి కూతురు పీహెచ్‌డీ చేస్తోంది, దాని పోస్టరు ఉందంటే చూడటానికి పోయాను, అత్తనని చెప్పి లోపలికి తీసుకుపోయింది. గోడ పొడుగునా పోస్టర్లు, ముందు పిల్లలు మెళ్లో కార్డులేసుకుని. ఒకమ్మాయి చంకలో ఏడాది బిడ్డనెత్తుకుని, ఆ చెయ్యి బిడ్డకి ఇచ్చి ఈ చేత్తో గ్రాఫు చూపిస్తూ ఒక పెద్దాయనకి వివరిస్తోంది. బిడ్డ ఆయన కళ్లజోడు లాగేసింది. ఆయన కళ్లజోడు లేకుండానే వంగి వంగి గ్రాఫు చూస్తూ ప్రశ్నలడుగుతున్నాడు, అన్నీ గ్రాఫు గురించే. నేను అక్కడే చాలాసేపు నించున్నాను, ఇంకో ప్రశ్న వస్తుందేమోనని. రాలేదు.

ఈ మేనకోడలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. దానికి టెలిస్కోపు టైము వచ్చిన రాత్రి హొసకోటె పోతుంది. టెలిస్కోపు ఎక్కడో లదాఖ్‌లో, హాన్లేలో, 4500 మీటర్ల ఎత్తున ఉంటుంది, రెండు మీటర్ల అద్దం. దాన్ని ఇక్కడ హొసకోటెలో కూర్చుని శాటిలైట్ లింకు మీద తిప్పుతారు. ఆ టెలిస్కోపు అక్కడ నిలబెట్టిన పనిలో ముందున్నవాళ్లలో ఈ అనుపమ గారు ఒకరు. ఆ హాన్లే చుట్టుపక్కల ఊళ్లని 2022లో చీకటి ఆకాశపు రిజర్వుగా ప్రకటించి, అక్కడి ఊరివాళ్లకే టెలిస్కోపులిచ్చి, వచ్చినవాళ్లకి ఆకాశం చూపించడం నేర్పారట, అందులో ఆడవాళ్లు చాలామంది ఉన్నారని అది చెప్పింది.

మొదటిసారి రాత్రి డ్యూటీకి పోతున్నప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ "ఏంటత్తా అలా చూస్తావు?" అంది. "మీ నాన్నని అడిగావా?" అన్నాను. "దేనికి?" అంది. నిజంగానే అర్థం కాలేదు దానికి. ఏమీ లేదులే, స్వెట్టరు పెట్టుకున్నావా అన్నాను.

పొద్దున ఆరున్నరకి వచ్చింది, కళ్లు ఎర్రగా, చేతిలో తట్టె ఇడ్లీ పార్శిలు. రాత్రి హాన్లేలో మబ్బులట, నాలుగు గంటలు ఊరికే కూర్చున్నారట, చివర్లో గంట దొరికిందట. ఒక ఇడ్లీ తిని, చట్నీ చేత్తోనే సోఫాలో ఒరిగి నిద్రపోయింది. చెయ్యి తుడిచి, కిటికీ కర్టెన్ లాగేశాను, ఎండ మొహం మీద పడుతోందని.